పక్కన టవర్ వస్తుంటే కాలనీ మాట చెల్లుతుందా? రోడ్డు వెడల్పు, టీడీఆర్, ఇంపాక్ట్ ఫీజు గురించి కొంచెం వివరంగా

నమస్తే అండి. మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పేస్తాను, తర్వాత వచ్చి చదివేవాళ్ళకి కూడా సంగతి తెలుస్తుంది. మీది మణికొండ వైపు పాత లేఅవుట్ కాలనీ, లోపల 40 అడుగుల రోడ్డు, ఎక్కువ ఇండిపెండెంట్ ఇళ్ళు, అక్కడక్కడ స్టిల్ట్ ప్లస్ ఫైవ్ అపార్ట్‌మెంట్లు. కాలనీ వెనక రెండెకరాల ఖాళీ జాగాలో పాతిక అంతస్తుల టవర్ వస్తుందని బ్రోచర్ తిరుగుతోంది. కార్పొరేటర్ దగ్గరికి వెళ్తే నా చేతిలో ఏమీ లేదన్నాడు. టీడీఆర్, అంటే ఇంకొకరి దగ్గర కొనుక్కునే అదనపు కట్టుబడి హక్కు, అది కొని ఇంకో రెండు ఫ్లోర్లు వేస్తారని వాచ్‌మెన్ చెప్పాడు. మీ బావమరిది అమెరికా నుంచి ఫోన్ చేసి అక్కడైతే కాలనీ వాళ్ళు మీటింగ్ పెట్టి ఆపేస్తారు, మీ దగ్గర ఎందుకు ఆపలేరు అని అడిగాడు. మీ ప్రశ్న ఏంటంటే, ఇక్కడ ఎంత ఎత్తు వెయ్యాలో అసలు ఎవరు నిర్ణయిస్తారు, అందులో మనకి మాట ఉందా లేదా అని.

నేను 28 ఏళ్ళు టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో చేసి రిటైర్ అయ్యాను, ఇప్పుడు కాలనీ అసోసియేషన్ల వాళ్ళు ప్లాన్ కాపీలు తెస్తే చదివి పెడుతుంటాను. సూటిగా చెప్తున్నా, టవర్ రాకుండా ఆపే హక్కు మీకు లేదు, మీ కార్పొరేటర్‌కీ లేదు, ఆయన మీకు అబద్ధం చెప్పలేదు. కానీ టవర్‌తో పాటు మీ వీధి మీద పడే బరువు గురించి అడిగే హక్కు మాత్రం ఉంది, దానికి రూల్స్‌లోనే నాలుగైదు పట్టులు ఉన్నాయి, మన జనం వాటిని వదిలేసి ఎత్తు మీద గొడవ పడి ఓడిపోతున్నారు. నా బాధంతా అదే.

ముందు ఎత్తు సంగతి. మిగతా ఊళ్ళలో ఎఫ్‌ఎస్‌ఐ అని ఒకటి ఉంటుంది, అంటే స్థలం ఎంత ఉందో దానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టుబడి వెయ్యాలి అని లెక్క. ముంబై పాత సిటీలో ఏళ్ళ తరబడి అది 1.33 ఉండేది. మన హైదరాబాద్‌లో 2006 మార్చి 3న వచ్చిన జీవో 86తో ఆ లెక్కే తీసేసారు. దాని బదులు రోడ్డు ఎంత వెడల్పు, ప్లాట్ ఎంత పెద్దది, చుట్టూ ఎంత సెట్‌బ్యాక్, అంటే ఖాళీ, వదిలావు, ఈ మూడు చూసి ఎత్తు ఇస్తారు. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 కూడా అదే పద్ధతి, రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో దాని మీదే సవరణలు చేసుకుంటూ నడిపిస్తున్నారు. పట్టిక చూస్తే 40 అడుగుల రోడ్డు మీద దాదాపు 24 మీటర్ల దాకా, అంటే ఏడెనిమిది అంతస్తులు. 60 అడుగులుంటే 30 మీటర్లు. 80 అడుగులుంటే 45 మీటర్లు. 100 అడుగుల రోడ్డు, అంటే 30 మీటర్లు ఉందంటే ఇంక పైకి వెళ్ళిపోవచ్చు, 50 మీటర్లు దాటితే చుట్టూ 16 మీటర్లు వదిలితే చాలు, ఆపైన ఇంకొంచెం ఇంకొంచెం పెంచుకుంటూ పోతారు. హైరైజ్ అంటే మాత్రం స్థలం కనీసం 2000 చదరపు మీటర్లు ఉండాలి, మీ వెనక రెండెకరాలు అంటే ఎనిమిది వేల పైన, అది ఎలాగూ సరిపోతుంది.

ఈ పద్ధతి పూర్తిగా తప్పని నేను అనను. దీని వల్ల హైదరాబాద్‌లో ఇళ్ళ సప్లై బాగా పెరిగింది, మన దగ్గర ఒక మామూలు సాఫ్ట్‌వేర్ జీతగాడు 1500 అడుగుల ఫ్లాట్ గురించి ఆలోచించగలిగాడంటే అందులో దీని పాత్ర చాలా ఉంది, ముంబైలో అదే జీతానికి ఏం వస్తుందో అక్కడున్న వాళ్ళని అడగండి. కానీ ఈ రూల్‌లో ఒక పెద్ద లోటు ఉంది. ఒక్కో ప్లాట్‌ని విడిగా చూస్తుంది. ఆ రోడ్డు మీద ఇంతకుముందే ఎన్ని టవర్లకి పర్మిషన్ ఇచ్చాం, డ్రైనేజీ పైపు సైజ్ ఎంత, మంచినీళ్ళు ఎన్ని గంటలు వస్తున్నాయి అని ఆ పట్టికలో ఎక్కడా ప్రశ్న లేదు. 100 అడుగుల రోడ్డు మీద మొదటి టవర్‌కీ పదిహేనో టవర్‌కీ ఒకటే పట్టిక.

ఇంక లోకల్‌గా ఎవరి చేతిలో ఉంది అనేది. రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, దానితో వచ్చిన 12వ షెడ్యూల్‌లో 18 పనులు రాసారు, మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూమి వాడకం, భవన నిర్మాణాల నియంత్రణ. చదివితే మున్సిపాలిటీలదే పెత్తనం అనిపిస్తుంది. కానీ ఆర్టికల్‌లో ఆ అధికారాలు రాష్ట్రం మున్సిపాలిటీలకి ఇవ్వొచ్చు అని ఉంది, ఇచ్చి తీరాలి అని లేదు. ఆ ఒక్క మాటతో అంతా ఆగిపోయింది. మెట్రో నగరాలకి ప్రణాళికా కమిటీ ఉండాలి, అందులో మూడింట రెండొంతుల మంది ఎన్నికైన మున్సిపల్ సభ్యులు, పంచాయతీ అధ్యక్షులు తమలోంచి ఎన్నుకున్న వాళ్ళు ఉండాలి అని కూడా రాసి ఉంది. మన దగ్గర మాస్టర్ ప్లాన్ రాసేది హెచ్‌ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, దానికి చైర్మన్ ముఖ్యమంత్రి. బిల్డింగ్ రూల్స్ రాసేది మున్సిపల్ శాఖ, జీవో రూపంలో. పర్మిషన్ సంతకం కమిషనర్ అధికారం, కౌన్సిల్‌ది కాదు. హైరైజ్ ఫైల్ అయితే మల్టీ స్టోరీడ్ బిల్డింగ్ కమిటీకి వెళ్తుంది, అందులో కూర్చునేది అధికారులే. మీరు ఓటేసి గెలిపించిన మనిషి ఈ దారిలో ఎక్కడా తగలడు చూడండి. కార్పొరేటర్ ఇంటి ముందు మీరు ధర్నా చేసినా ఆయన ఒక ఉత్తరం రాయగలడు, అంతే.

దీనికి తోడు మీ ఏరియా 2018 దాకా గ్రామ పంచాయతీ. అప్పటి సర్పంచ్ పర్మిషన్ అనే మాట ఇంకా వినిపిస్తుంటుంది, రెండంతస్తులకి కాగితం తీసుకుని నాలుగు వేసిన ఇళ్ళు మీ వీధిలోనే కొన్ని ఉంటాయి. తర్వాత మున్సిపాలిటీ అయింది, 2025 చివర్లో చుట్టుపక్కల మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు 27 ఒకేసారి జీహెచ్‌ఎంసీలో కలిపేసారు. పదేళ్ళు తిరక్కుండా మూడు రకాల ఆఫీసులు మారాయి, ఏ ఆఫీసులో మీ లేఅవుట్ ఫైల్ ఉందో కనుక్కోవడమే ఒక పని. అందుకే ముందే చెప్తున్నా, మీ పాత లేఅవుట్ ప్లాన్ కాపీ, హుడా (హెచ్‌ఎండీఏకి ముందున్న సంస్థ) నంబర్ ఉన్నదైనా పంచాయతీదైనా, ఎవరి దగ్గరైనా ఉంటే వెంటనే స్కాన్ చేసి పెట్టుకోండి. దాన్ని మించిన ఆస్తి కాలనీకి లేదు.

ఇప్పుడు టీడీఆర్. మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు వెడల్పు చెయ్యాలి అని ఉంటే, ఆ గీత మీ ప్లాట్ మీద నుంచి పోతే, కార్పొరేషన్ డబ్బు ఇవ్వాలి. డబ్బు లేదు కాబట్టి ఒక సర్టిఫికెట్ ఇస్తుంది, నువ్వు వదిలిన స్థలానికి బదులు ఇంత ఏరియా ఎక్కడైనా అదనంగా కట్టుకోవచ్చు, లేదా ఇంకొకరికి అమ్ముకోవచ్చు అని. మొదట్లో 200 శాతం ఉండేది, తెలంగాణలో 2017 డిసెంబర్ జీవోతో రోడ్డు వెడల్పుకి ఇచ్చే వాళ్ళకి 400 శాతం చేసారు. అంటే 100 గజాలు పోతే 400 గజాల హక్కు. అయితే అమ్మినప్పుడు రిజిస్ట్రేషన్ విలువతో సమానం చేస్తారు. ఉదాహరణకి పోయిన చోట గజం 30 వేలు అనుకుందాం, కొన్నవాడు వాడుకునే చోట గజం 60 వేలు అనుకుందాం, ఆ 400 గజాలు అక్కడికి వెళ్ళేసరికి 200 అయిపోతాయి. ఇది న్యాయమైన లెక్కే.

కానీ ఇక్కడ ఒక విషయం చాలామంది గమనించరు. ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఉన్న ముంబై లాంటి చోట ప్రతి బిల్డర్‌కీ టీడీఆర్ కావాలి, ఎందుకంటే అది లేకపోతే పైకి వెళ్ళలేడు. మన దగ్గర 100 అడుగుల రోడ్డు మీద ఉన్నవాడికి ఎత్తుకి ఎలాగూ అడ్డు లేదు, వాడికి టీడీఆర్‌తో అంత అవసరం ఉండేది కాదు. దాని అసలు ఉపయోగం ఎవరికి అంటే పట్టికలో ఎత్తు ఆగిపోయిన వాడికి, అంటే 30, 40 అడుగుల రోడ్డు మీద కట్టేవాడికి. పెద్ద రోడ్డు వెడల్పు కోసం పుట్టిన హక్కు తిరిగి తిరిగి వచ్చి ఇరుకు వీధిలో అదనపు ఫ్లోర్‌గా దిగుతోంది. రోడ్డు బాగుపడింది ఒక చోట, జనం పెరిగింది ఇంకో చోట, ఆ ఇంకో చోటి వాళ్ళని అడిగింది ఎవరూ లేరు. నేను సర్వీస్‌లో ఉన్నప్పుడే ఈ మాట మీటింగ్‌లో చెప్పాను, టీడీఆర్ దిగే చోటికి కూడా కనీస రోడ్డు వెడల్పు గట్టిగా పెట్టండి, ఆ వార్డ్‌లో ఎన్ని దిగాయో బోర్డు మీద రాయండి అని. నోట్ చేసుకున్నారు, అక్కడితో ఆగింది.

మీ కేసులో మాత్రం వాచ్‌మెన్ మాట పట్టుకోవద్దు. పాతిక అంతస్తులు అంటున్నారంటే పర్మిషన్ మీ 40 అడుగుల రోడ్డు చూపించి రాదు, రాలేదు. అంటే ఆ స్థలం ఇంకో వైపు 100 అడుగుల రోడ్డుకి తగిలి ఉండాలి, లేదా మాస్టర్ ప్లాన్‌లో 100 అడుగులు అని గీసిన రోడ్డుకి. ఈ రెండూ ఒకటి కావు, మీ మొత్తం కేసు ఇక్కడే ఉంది. హెచ్‌ఎండీఏ 2031 మాస్టర్ ప్లాన్ 2013 జనవరిలో నోటిఫై అయింది, అందులో ఎర్రగీతల్లో వెడల్పాటి రోడ్లు చాలా ఉన్నాయి, కొన్ని నేల మీద ఇప్పటికీ బండ్ల బాట. ఫైల్‌లో అప్రోచ్ రోడ్ అనే చోట ఏ వెడల్పు రాసారు, అది ఇప్పుడు ఉన్నదా, వెడల్పు చేస్తే వచ్చేదా, చేస్తే ఎవరు ఎంత స్థలం ఇచ్చారు, ఇవి తెలుసుకోవాలి.

దీని మీద నాకు బాగా గుర్తున్న ఒక సంగతి చెప్తాను. మూడేళ్ళ క్రితం ఒక కాలనీ వాళ్ళు నన్ను పిలిచారు, ఊరు పేరు వద్దు. వాళ్ళ పక్కన ప్రాజెక్ట్‌కి ఫైల్‌లో 40 అడుగుల రోడ్డు అని ఉంది. ఆదివారం పొద్దున ఆరున్నరకి ట్రాఫిక్ లేనప్పుడు 30 మీటర్ల టేపు పట్టుకుని నలుగురం వెళ్ళాం. రోడ్డు మొదట్లో గోడకి గోడ 40 అడుగులు సరిగ్గా ఉంది. ఆరో ఇంటి దగ్గర 37న్నర, ఎవరో కాంపౌండ్ గోడ ముందుకి జరిపారు. మలుపు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, అక్కడ 33. తర్వాత ఇంటింటికీ కారు ఎక్కడానికి ర్యాంప్‌లు, ఒక్కోటి నాలుగడుగులు, అటు నాలుగు ఇటు నాలుగు. వాటి బయట ఆపిన కార్లు. చివరికి ఒక నీళ్ళ ట్యాంకర్ వచ్చింది, ఎదురుగా స్కూల్ వ్యాన్ వచ్చింది, వ్యాన్ 80 అడుగులు వెనక్కి వెళ్తే గానీ ట్యాంకర్ ముందుకి కదల్లేదు. ఒక పెద్దాయన నోట్‌బుక్‌లో ప్రతి 50 అడుగులకి ఒక కొలత రాసుకున్నాడు, ఫోటోల మీద తేదీ వేయించాడు, ఆ కాగితం జత చేసి కంప్లైంట్ పెడితే సైట్ ఇన్‌స్పెక్షన్ మళ్ళీ చేసారు, ఫైల్‌లో రోడ్డు వెడల్పు మార్చారు, పైన ఒక ఫ్లోర్ తగ్గింది. మీటింగుల్లో గంటల తరబడి మాట్లాడితే జరగనిది ఆ నోట్‌బుక్ వల్ల జరిగింది. ఇంకోటి కూడా చెప్పాలి, గోడ ముందుకి జరిపిన మూడిళ్ళ వాళ్ళు కూడా అదే అసోసియేషన్‌లో మెంబర్లు. వాళ్ళతో ముందు మాట్లాడి గోడలు వెనక్కి జరిపించాకే కంప్లైంట్ పెట్టారు, ఎందుకంటే బిల్డర్ మొదట చూపించేది వాటినే. మీరు కూడా ముందు మీ వీధి చూసుకోండి.

మీ విషయంలో రెండో పట్టు గేటు. స్థలం ఒక వైపు పెద్ద రోడ్డుకి, ఇంకో వైపు మీ కాలనీ రోడ్డుకి తగిలి ఉంటే శాంక్షన్ ప్లాన్‌లో ఎంట్రీ, ఎగ్జిట్ ఎక్కడ చూపించారో చూడండి. నా అనుభవంలో సగం గొడవలు ఇక్కడే ఉంటాయి. ప్లాన్‌లో మెయిన్ రోడ్డు వైపు రెండు గేట్లు చూపిస్తారు, కడుతున్నప్పుడు లారీలు రావడానికి అని కాలనీ వైపు గోడ పగలగొడతారు, ఓసీ, అంటే కట్టడం అయ్యాక జనం ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్, వచ్చాక ఆ సందు అలాగే గేటు అయిపోతుంది, ఆఫీసు టైమ్‌లో మెయిన్ రోడ్డు జామ్ అయితే అందరూ మీ వీధిలోంచే. ప్లాన్‌లో లేని గేటు మీద కంప్లైంట్ చాలా బలమైనది, ఎందుకంటే అది ప్లాన్ ఉల్లంఘన, ఎవరి అభిప్రాయంతోనూ పని లేదు. ప్లాన్‌లోనే మీ వైపు గేటు ఉంటే అది ఫైర్ ఎగ్జిట్ మాత్రమేనా, మామూలు రాకపోకలకా అని రాతపూర్వకంగా అడగండి. ఫైర్ ఇంజన్ కోసం అయితే నేను అడ్డు చెప్పొద్దు అంటాను, అది ప్రాణాల సంగతి.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి అని అడుగుతారు. 500 చదరపు మీటర్లు గానీ 8 ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్ట్ రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, రిజిస్టర్ కాకుండా అమ్మకూడదు, బ్రోచర్ కూడా వెయ్యకూడదు, కాబట్టి ముందు ఆ బ్రోచర్ మీద రెరా నంబర్ ఉందో లేదో చూడండి. నంబర్ ఉంటే తెలంగాణ రెరా సైట్‌లో శాంక్షన్ ప్లాన్ అప్‌లోడ్ చేసి ఉంటుంది, ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. బిల్టప్ ఏరియా 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద ఎన్విరాన్‌మెంట్ క్లియరెన్స్ కావాలి, రెండెకరాల్లో పాతిక అంతస్తులంటే తప్పకుండా దాటుతుంది. ఆ అప్లికేషన్ కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ఉంటుంది, అందులో రోజుకి ఎన్ని నీళ్ళు కావాలి, ఎక్కడి నుంచి తెస్తారు, మురుగు ఎక్కడికి వదుల్తారు, ఎన్ని కార్లు అని బిల్డర్ సొంతంగా రాసిన అంకెలుంటాయి. మీకు అంతకంటే మంచి ఆధారం దొరకదు. కానీ బాధ కలిగించేది ఏంటంటే భవనాల ప్రాజెక్టులకి ఆ నోటిఫికేషన్‌లోనే ప్రజాభిప్రాయ సేకరణ మినహాయించారు. ఒక సిమెంట్ ఫ్యాక్టరీ వస్తే ఊరి వాళ్ళని టెంట్ వేసి కూర్చోబెట్టి అడుగుతారు, వెయ్యి మంది దిగే టవర్ వస్తే పక్కింటి వాళ్ళని అడగరు. చట్టం అలా ఉంది. మిగతా కాగితాలకి ఆర్టీఐ వెయ్యండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఫైర్ ఎన్‌ఓసీ, ఎయిర్‌పోర్ట్ హైట్ ఎన్‌ఓసీ, పైన చెప్పిన మల్టీ స్టోరీడ్ బిల్డింగ్ (ఎంఎస్‌బీ) కమిటీ మినిట్స్, టీడీఆర్ వాడితే దాని నంబర్, ఇవన్నీ ఒకే దరఖాస్తులో అడగండి.

టైమ్ కూడా ముఖ్యం. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో పెద్ద బిల్డింగులకి కూడా 21 రోజుల్లో సింగిల్ విండోలో తేల్చాలని పెట్టారు, ఇప్పుడు బిల్డ్‌నౌ అని కొత్త పోర్టల్ కూడా వచ్చింది. లంచాల కోసం నెలలు తిప్పించుకోవడం తగ్గిందంటే అది మంచిదే, నేను చూసిన పాత రోజుల కంటే వెయ్యి రెట్లు నయం. కానీ ఆ 21 రోజుల్లో పక్కింటి వాళ్ళకి ఒక నోటీసు అంటించే రోజు కూడా లేదు. మీకు తెలిసేసరికి గుంత తవ్వేసి ఉంటారు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలుచుకున్నది. జీవో 86లో ఎఫ్‌ఎస్‌ఐ ఎత్తేసినప్పుడు దానికి బదులుగా సిటీ లెవెల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇంపాక్ట్ ఫీజు అని పెట్టారు, జీవో 168లో కూడా ఉంది. మొదటి అయిదంతస్తులు వదిలేసి ఆ పైన వేసే ఏరియాకి చదరపు మీటర్‌కి ఇంత అని కట్టాలి. ఆ డబ్బు విడిగా ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికి తప్ప వాడకూడని ఖాతాలో, పెట్టాలి, అందులో 50 శాతం అదే ఏరియాలో రోడ్లు, డ్రైన్ల లాంటి వసతులకి ఖర్చు పెట్టాలి, మిగతాది సిటీ స్థాయి పనులకి అని రూల్‌లో స్పష్టంగా రాసి ఉంది. అసలు ఒప్పందం అదే అండి. పైకి వెళ్ళు, కానీ నీ వల్ల పడే బరువుకి డబ్బు కట్టు, ఆ డబ్బుతో ఆ వీధి బాగుచేస్తాం అని. బిల్డర్లు ఆ డబ్బు కడుతున్నారు, చాలామంది నిజాయితీగానే కడుతున్నారు, వాళ్ళని తప్పు పట్టడానికి లేదు. ఆ సగం మన వీధికి వచ్చిందా అని అడిగిన కాలనీని నేను నా సర్వీస్ మొత్తంలో రెండు సార్లే చూసాను. రెండింట్లో ఒక చోట వరద కాలువ పైపు మార్చారు, ఇంకో చోట జవాబు రాలేదు.

కాబట్టి మీ ఆర్టీఐలో మొదటి ప్రశ్న ఇది పెట్టండి. మా వార్డ్ పరిధిలో గత అయిదేళ్ళలో ఎన్ని హైరైజ్ పర్మిషన్లు ఇచ్చారు, వాటి మీద ఎంత ఇంపాక్ట్ ఫీజు వసూలైంది, ఎస్క్రో ఖాతాలో ఎంత ఉంది, 50 శాతం నిబంధన కింద మా ఏరియాలో ఏ పనికి ఎంత ఖర్చు పెట్టారు. అంకెలు ఇవ్వకపోతే అప్పీల్, దాని మీద సమాచార కమిషన్. ఆ అంకెలు చేతికొస్తే అప్పుడు కార్పొరేటర్ దగ్గరికి వెళ్ళండి. ఎత్తు ఆయన చేతిలో లేదు గానీ డబ్బు మా వార్డ్‌లో ఖర్చు పెట్టండి అని కౌన్సిల్‌లో నిలబడి అడగడం ఆయన చేతిలో ఉంది, ఆయనకి కూడా పేరు వచ్చే పని కాబట్టి అడుగుతాడు.

ప్రభుత్వం ఎందుకు ఎత్తు తగ్గించదు అని కూడా మీరు అడిగారు. 2023 ఆగస్టులో ప్రభుత్వం పెట్టిన కోకాపేట నియోపోలిస్ భూముల వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలకి పోయింది గుర్తుందా. ఎకరానికి అంత ఎవరైనా ఎందుకు పెడతారు, ఎన్ని అంతస్తులైనా వేసుకోవచ్చు కాబట్టి. ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి పెడితే మొదట పడిపోయేది ప్రభుత్వం సొంత భూముల రేటు. ఏ పార్టీ ఉన్నా ఇది మారదు అని నా అంచనా, అందుకే ఎత్తు మీద కొట్లాడి మీ శక్తి పోగొట్టుకోవద్దు అంటున్నా.

మీ బావమరిది మాటకొస్తే, ఆయన చెప్పింది ఒకప్పుడు నిజం, ఇప్పుడు సగమే నిజం. కాలిఫోర్నియాలో మనవాళ్ళు చాలామంది ఉండే కుపర్టినో తీసుకోండి. అక్కడ జోనింగ్, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో గీసేది, సిటీ కౌన్సిల్ చేతిలో ఉంటుంది, సిటీలో చాలా భాగం ఒక ప్లాట్‌లో ఒక ఇల్లు మాత్రమే అని గీసి పెట్టుకున్నారు, హియరింగ్‌లో ఇంటి యజమానులు వచ్చి వద్దంటే అపార్ట్‌మెంట్ ఆగిపోయేది. ఫలితం ఏంటంటే అక్కడ బడిలో పాఠం చెప్పే టీచర్ ఆ ఊళ్ళో ఇల్లు కొనలేడు. దాంతో రాష్ట్రం ఒక్కొక్కటిగా ఆ పెత్తనం వెనక్కి తీసుకుంది. 2017లో ఎస్‌బీ 35 అని చట్టం చేసారు, ఇళ్ళ టార్గెట్ అందుకోని ఊళ్ళలో నిబంధనలకి సరిపోయే ప్రాజెక్ట్‌ని హియరింగ్ లేకుండా ఒప్పుకోవాలి అని. 2018లో వాల్కో అనే పాత మాల్ స్థలంలో 2,402 ఫ్లాట్లకి దాని కింద అప్లికేషన్ వేసారు, అందులో సగం తక్కువ ఆదాయం వాళ్ళకి. ఊరంతా రెండుగా చీలిపోయి కోర్టు దాకా వెళ్ళారు, ప్రాజెక్టే గెలిచింది. 2023 నుంచి 2031 లోపు 4,588 ఇళ్ళకి చోటు చూపించాలని కుపర్టినోకి టార్గెట్ వచ్చింది. దగ్గర్లో వుడ్‌సైడ్ అనే చిన్న ఊరు 2022లో మా ఊరంతా కొండ సింహాల ఆవాసం కాబట్టి ఒక ప్లాట్‌లో రెండిళ్ళ చట్టం మాకు వర్తించదు అంది, రాష్ట్ర అటార్నీ జనరల్ ఉత్తరం రాసాక వెనక్కి తగ్గింది.

అక్కడ నాకు నచ్చేది ఒకటుంది. 1979 నుంచి డెన్సిటీ బోనస్ అని చట్టం ఉంది, బిల్డర్ తన ఫ్లాట్లలో కొంత శాతం తక్కువ ఆదాయం వాళ్ళకి తక్కువ రేటుకి ఇస్తే జోనింగ్ ఒప్పుకునే దాని కంటే ఎక్కువ ఫ్లాట్లు కట్టుకోవచ్చు, ఎంత ఎక్కువ ఇస్తే అంత బోనస్, 2020 సవరణతో అది 50 శాతం దాకా వెళ్ళింది. అదనపు అంతస్తు ఇచ్చినందుకు ఊరికి ఒక ఇల్లు చేతికొస్తుంది. మన టీడీఆర్‌లో రోడ్డుకి స్థలం వస్తుంది, అది కూడా అవసరమే, కానీ టవర్‌లో పని చెయ్యడానికి వచ్చే వంటమనిషి, సెక్యూరిటీ అతను ఎక్కడ ఉంటారు అనే దానికి ఆ అదనపు అంతస్తు ఏమీ చెయ్యదు. వాళ్ళు పది కిలోమీటర్ల అవతల నుంచి షేర్ ఆటోలో వస్తారు, ఆ ఆటో కూడా మీ వీధిలోనే ఆగుతుంది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, పెత్తనం మొత్తం కాలనీకే ఇచ్చేస్తే మనమూ అదే చేస్తాం. నేను చాలా కాలనీ మీటింగుల్లో కూర్చున్నాను, మొదటి పది నిమిషాలు డ్రైనేజీ గురించి మాట్లాడి తర్వాత అద్దెకి ఎవరెవరు వస్తారో, ఎలాంటి వాళ్ళు వస్తారో అనే మాటలోకి వెళ్ళిపోతారు. అది నాకు ఇష్టం లేదు, మీ కంప్లైంట్‌లో అలాంటి వాక్యం ఒక్కటి ఉన్నా నేను చూసి పెట్టను, ముందే చెప్తున్నా. పైగా లోకల్ అంటే ఎవరు అనేది కూడా తేలిక ప్రశ్న కాదు. జీవో 111 చూడండి, 1996 మార్చి 8న వచ్చింది, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్లలో 84 గ్రామాల్లో కట్టడాల మీద గట్టి ఆంక్షలు. 1908 మూసీ వరద తర్వాత 1920లో ఒకటి, 1927లో ఒకటి కట్టిన చెరువులవి. ఆ గ్రామాల రైతుని అడిగితే పక్కూళ్ళో ఎకరం కోట్లు పలుకుతుంటే నా భూమికి రేటు లేదు, జీవో తీసెయ్యండి అంటాడు, అతని బాధ నిజమే. కింద సిటీలో ఉండేవాళ్ళని అడిగితే చెరువులు పోతే మేం మునుగుతాం అంటారు, అదీ నిజమే. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు సడలించినప్పుడు ఈ ఇద్దర్నీ ఒక చోట కూర్చోబెట్టి మాట్లాడించి ఉంటే బాగుండేది.

నా అభిప్రాయం అడిగితే ఎవరు వచ్చి ఉండాలి, ఎన్ని ఇళ్ళు కట్టాలి అనేది కాలనీ తేల్చకూడదు. ఏ వీధి ఎంత బరువు మొయ్యగలదు, వచ్చిన డబ్బు ముందు ఏ పైపుకి పెట్టాలి, గేటు ఎటు ఉండాలి అనేది మాత్రం వార్డ్ స్థాయిలో, బోర్డు మీద రాసి, అక్కడ ఉండేవాళ్ళని అడిగే తేల్చాలి. మూడు లక్షల జనాభా దాటిన ఊళ్ళకి వార్డ్ కమిటీలు ఉండాలని రాజ్యాంగంలో 1993 నుంచి ఉంది. ఇప్పుడు 2050కి కొత్త మాస్టర్ ప్లాన్ తయారవుతోంది, డ్రాఫ్ట్ బయటికి వచ్చినప్పుడు అభ్యంతరాలకి గడువు ఇస్తారు. మీ స్థలం పక్కన రోడ్డు ఎంత గీసారు, అది దేని మీద నుంచి పోతుంది అని అప్పుడు చూసి రాయాలి. ఆ గడువు దాటాక మీ ఏరియాకి ఏ జోన్ పడితే అదే, తర్వాత పదిహేనేళ్ళు పర్మిషన్లన్నీ దాని మీదే నడుస్తాయి. 2031 ప్లాన్ డ్రాఫ్ట్ అప్పుడు రోడ్ల మీద అభ్యంతరాలు ఎక్కువ రాసింది భూమి ఉన్నవాళ్ళు, వెంచర్ల వాళ్ళు. కాలనీల నుంచి నా టేబుల్ మీదికి వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కోర్టుకి వెళ్ళాలా అంటే, ముందే వద్దు. ప్లాన్‌లో ఉన్నదానికి, నేల మీద ఉన్నదానికి తేడా మీ చేతిలో కాగితంగా ఉంటే హైకోర్టులో రిట్ నిలబడుతుంది. మా వ్యూ పోతుంది, ఎండ రాదు, ట్రాఫిక్ పెరుగుతుంది అని వెళ్తే నిలబడదు, లాయర్ ఫీజు దండగ. ఓసీ ఇచ్చే ముందు అధికారులు ప్లాన్‌తో పోల్చి చూడాలి, పర్మిషన్ అప్పుడు బిల్డర్ మార్ట్‌గేజ్ (తాకట్టు) చేసిన భాగం అప్పటి దాకా వాళ్ళ దగ్గరే ఉంటుంది, అదే బిల్డర్ మీద అసలు పట్టు. మీ కంప్లైంట్ ఓసీకి ముందు ఫైల్‌లో పడి ఉండాలి, తేదీతో, ఇన్‌వార్డ్ నంబర్‌తో. ఓసీ వచ్చి మార్ట్‌గేజ్ విడుదల అయ్యాక మీరు ఎంత మొత్తుకున్నా వినడానికి ఎవరికీ కారణం ఉండదు.

ఈ ఆదివారం ముందు టేపు పని చెయ్యండి, కనీసం ముగ్గురు, అందులో ఒకరు కాలనీలో కొత్తగా ఫ్లాట్ కొన్నవాళ్ళు ఉంటే మంచిది. రెరా సైట్‌లో ప్లాన్ దొరికితే సైట్ ప్లాన్ పేజీ ఫోటో ఇక్కడ పెట్టండి, పేర్లు, సర్వే నంబర్లు కనబడకుండా చూసుకోండి. గేట్లు ఎటు చూపించారో, అప్రోచ్ రోడ్ అని ఏ అంకె రాసారో, ఆ రెండు చదివి చెప్తాను. ఆర్టీఐ డ్రాఫ్ట్ కూడా రాసి పెట్టండి, పంపే ముందు చూస్తాను.